రాగి గొట్టం

మా అయ్యకు తోలు తెలుసు, నాకు ఇనుము తెలుసు. అయ్య తంగేడు చెక్క దంచి, తొట్లో తోలు ఊరబెట్టి, ఆరెతో కుట్టి ఊరికి చెప్పులిచ్చిండు, మోట బొక్కెనలిచ్చిండు. కరెంటు మోటార్లొచ్చి మోట పోయింది. రబ్బరు చెప్పులొచ్చి ఆరె మూలకు పడ్డది. నేను పదో తరగతి తప్పి పాల్వంచలో మోటారు షెడ్డుకు చేరిన.

1994లో శ్రీరామనవమి రోజులు. భద్రాచలం పోయే బండ్లతో రోడ్డు నిండిపోయింది. సారపాకకు ఇవతల అడవిలో ఒక పాత అంబాసిడర్ ఆగిందని డ్రైవరు లారీ ఎక్కి షెడ్డుకొచ్చిండు. ఉస్తాద్ సంచి నా భుజానికేసి పంపిండు.

బానెట్ లేపితే పెట్రోలు వాసన గుప్పుమన్నది. పంపు నుంచి కార్బురేటరుకు పోయే రాగి గొట్టం, ఇత్తడి నట్టు కాడ చుక్క చుక్క కారుతున్నది. దాని కిందనే కాలుతున్న ఎగ్జాస్ట్. కారాయన పక్కనే నిలబడి సిగరెట్ తాగుతున్నడు.

"సిగరెట్ ఆర్పండయ్యా" అన్న.

"నువ్వు నాకు చెప్పేటోడివారా?"

డ్రైవరన్న బతిమాలితే దూరం పోయిండు. ముందు బ్యాటరీ వైరు ఊడదీసిన. డ్రైవరన్న నట్టు బిగించీ బిగించీ, పైన సబ్బు రుద్దిండు. సబ్బు పెట్రోల్లో కరగదు గనుక టాంకు చిల్లికైతే కొంతసేపు ఆగుద్ది. పంపు తోసే చోట ఆగుతదా? బిగించిన కొద్దీ కారుడే ఎక్కువైంది. గొట్టం ఊడదీసి చూస్తే విప్పారిన అంచు పగిలి ఉన్నది. ఇంజన్ వణుకుకు రాగి గట్టిపడి బిరుసెక్కుద్ది, దాని మీద బలం చూపిస్తే పగలక ఏం చేస్తది?

గొట్టంలో పెట్రోలు ఒంపేసి, ఆరబెట్టి, కారుకు చాలా దూరంగా పుల్లలు పేర్చి మంట పెట్టిన. కొస ఎర్రబడ్డాక నీళ్లల్ల ముంచిన. ఇనుమైతే అట్ల ముంచితే గట్టిపడొచ్చు, రాగి మెత్తబడుద్ది. పగిలిన అంచు రంపంతో కోసి, ఆకురాయితో సాపు చేసిన. నట్టు ముందే గొట్టానికి ఎక్కించి, అప్పుడు టూలుతో అంచు విప్పిన. నట్టు మర్చిపోతే మళ్లా మొదటికే. కొత్తలో రెండుసార్లు మర్చిపోయి ఉస్తాద్ చేత తన్నులు తిన్న.

లోపల పొట్టు పోవాలని పంపు కాడి పైపు నోటితో పీల్చిన. పెట్రోలు నోట్లకొచ్చింది. ఉమ్మి, నీళ్లడిగిన. సీటు మీద స్టీలు గ్లాసున్నది.

"ఏ ఊరు? ఎవరోళ్లు మీరు?"

చెప్పిన. కారాయన గ్లాసు ముట్టలే. డ్రైవరన్నకు సైగ చేస్తే, ఆయన నా దోసిట్లకు పైనుంచి పోసిండు. కారంచేడులో 1985లో గొడవ మొదలైంది కూడా మంచినీళ్ల కాడనే. నా నోటితో పీల్చిన గొట్టంల నుంచే ఆయన బండికి పెట్రోలు పారింది. దానికి మాత్రం మైల లేదు.

ఇంజన్ నడిపించి, నట్టు చుట్టూ పాత పేపరు అద్ది చూసిన. పొడిగా ఉన్నది. కారాయన నోటు నేల మీదేసిండు. తన్ని పోదామనుకున్న. ఉస్తాద్ లెక్కడుగుతడని వంగి తీసుకున్న. ఆ వంగుడు ముప్ఫై ఏండ్లు దాటినా నడుములో ఉన్నది.

ఆ రాత్రి అయ్యకు గొట్టం సంగతి చెప్పిన, నీళ్ల సంగతి చెప్పలే. అయ్య బీడీ ఆపి అడిగిండు:

"మెత్తబడ్డదా బిడ్డా, నానబెట్టిన తోలు లెక్క?"

"పడ్డదే అయ్యా" అన్న.