సర్ ఉన్నారా?

మా హాల్లో టీవీ పక్కన గోడకి ఉన్న రూటర్ మీద దుమ్ము దులపడం ఆరేళ్లుగా నా పని. దాని లోపల ఏముందో చూడటం నా పని కాదని ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. పాస్‌వర్డ్ నా సహచరుడికి తెలుసు. కనెక్షన్ అతని పేరు మీద, ఓటీపీ అతని ఫోన్‌కి.

మొన్న వేసవిలో పన్నెండేళ్ల మా అమ్మాయి మైన్‌క్రాఫ్ట్ ఆడుతుంటే చూశాను. తెరమీద తన పేరుకి బదులు ఓ మగపిల్లాడి పేరుంది.

"ఇదేమిటే?" అన్నాను.

"అమ్మాయినని తెలిస్తే పిచ్చిపిచ్చిగా వాగుతారమ్మా. ఇలా ఐతే ఆడనిస్తారు" అంది, ఇటు తిరక్కుండానే.

స్త్రీల ఆత్మకథల మీద డాక్టరేట్ చేసినదాన్ని. మేరీ ఆన్ ఇవాన్స్ జార్జ్ ఇలియట్‌గా ఎందుకు రాసిందో క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో! మన రచయిత్రుల నవలలకి గిరాకీ ఉన్న రోజుల్లో మగవాళ్లు కూడా ఆడపేర్లతో రాశారని చెప్పి నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రాలేదు. "ఆపెయ్" అనబోయాను. బస్సులో ఎవడో చెయ్యి వేశాడని చెబితే మా అమ్మ నన్ను కాలేజీ మానెయ్యమన్న సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

దారి అమ్మాయే చూపించింది. ఆటని మనింట్లోనే నడపొచ్చట. పాత లాప్‌టాప్ చాలు. లోపలికి ఎవరు రావాలో మనమే పేర్లు రాసుకోవచ్చు.

పాస్‌వర్డ్ అడిగి తీసుకుని రూటర్‌లోకి వెళ్లాను. ఇంట్లో ప్రతి ఫోన్‌కీ, లాప్‌టాప్‌కీ అది ఒక అంకె ఇస్తుంది. మా లాప్‌టాప్‌కి 192.168.1.20 అని స్థిరంగా కేటాయించాను. ఈ అంకె గడప దాటితే చెల్లదు, అందుకే దాన్ని 'ప్రైవేట్ అడ్రస్' అంటారు. బయటి ప్రపంచానికి తెలిసేది ఇంటంతటికీ ఒక్కటే 'పబ్లిక్ అడ్రస్'. ఆ రెండు మాటల గురించి సెమినార్లలో ఎంత వాదించుకున్నాం! లోపలి నుంచి మనం అడిగినదానికి జవాబు వస్తుంది. బయటివాళ్లు తమంతట తాము వచ్చి తలుపు తడితే ఎవరికోసం వచ్చారో రూటర్‌కి తెలియదు, తిప్పి పంపుతుంది. 25565 పోర్ట్‌కి వచ్చినవాళ్లని ఆ లాప్‌టాప్ దగ్గరికి పంపమని రాసిపెట్టడమే పోర్ట్ ఫార్వర్డింగ్.

రాసిపెట్టాను. అయినా వైజాగ్‌లో ఉన్న మా అక్క కూతుళ్లు రాలేకపోయారు. రెండు రాత్రులు తప్పు నాదే అనుకున్నాను. చివరికి రూటర్‌కి వచ్చిన బయటి అడ్రస్ 100.72తో మొదలవుతోందని గమనించాను. పాత పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్న అడ్రస్‌లు సుమారు 430 కోట్లే. అవి చాలక, ఎన్నో ఇళ్లని ఒకే అడ్రస్ వెనక సర్దడానికి 100.64 నుంచి 100.127 దాకా 2012లో కంపెనీల కోసం పక్కన పెట్టారు. అంటే మా తలుపు తెరిచే ఉంది, వీధి గేటు తాళం కంపెనీ దగ్గరుంది.

ఫోన్ చేశాను.

"సర్ ఉన్నారా మేడమ్?"

"నాతో చెప్పండి. పబ్లిక్ అడ్రస్ కావాలి."

"నెలనెలా అదనంగా కట్టాలి మేడమ్. కనెక్షన్ సర్ పేరు మీద ఉంది, సర్ ఒప్పుకోవాలి."

సర్ ఒక్క నిమిషంలో ఒప్పుకున్నాడు. మంచివాడు. కానీ ఒకరి మంచితనం మీద ఆధారపడటం వేరు, హక్కు ఉండటం వేరు. కనెక్షన్‌నే నా పేరు మీదికి మార్పించాను. పది రోజులు పట్టింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఏడుగురి పేర్లు రాసుకుంది. అందులో ఇద్దరు మగపిల్లలు. తెరిచింది ఒక్క పోర్టే, రూటర్ పాస్‌వర్డ్ కూడా మార్చాను. ఇది నాలుగు గోడల మధ్య ఇంకో నాలుగు గోడలు కట్టడమేనా అన్న సందేహం మాత్రం నన్ను వదల్లేదు.

ఆ ఆటలో ఖాతాకి ఎక్కడికెళ్లినా ఒకటే పేరు. మా అమ్మాయి తన పేరు మళ్లీ పెట్టేసుకుంది. నిన్న అదే పేరుతో బయటి సర్వర్లోకి వెళ్తోంది.

"ముప్ఫై రోజుల దాకా మళ్లీ మార్చుకోవడం కుదరదు, తెలుసుగా?" అన్నాను.

"తెలుసు. మరీ వాగితే మనింటికి వచ్చేస్తా" అంది.