ఎన్ని ఎండలయ్యాయి?

మూడు రోజులు ఉప్పులో ఊరిన టమాటా ముక్కల్ని పిండి, పళ్లేల్లో పరిచి డెక్ మీద పెట్టాను. గంట కాకుండానే మబ్బేసింది. ఈ వారంలో నాలుగోసారి. మిషిగన్ సెప్టెంబరు ఎండను నేను క్షమించలేను.

పెరటికి వంక పెట్టలేను. మే చివర్లో మెమోరియల్ డే దాటాక గాని నారు బయట పెట్టే ధైర్యం చెయ్యం. ఆపైన ఆ నేల ఆగదు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా పొద్దు కుంకదు. ఆ పొడుగు పగళ్లకు గోంగూర పూత మాటెత్తకుండా నడుమెత్తు పెరిగి ఆకు మీద ఆకు ఇస్తుంది. పగళ్లు కురచై పూతకొచ్చేసరికి మంచు పడుతుంది, విత్తనం దక్కదు. టమాటాలైతే ఆగస్టు చివర బకెట్లు బకెట్లు. కానీ వెలుగు వేరు, ఎండ వేరు. ఆరుబయట ఎండబెట్టాలంటే కనీసం 86 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, 60 శాతం లోపు తేమ ఉండాలని ఇక్కడివాళ్లే రాసిపెట్టారు. కాయ పండే వేళకు ఆ రెండూ ఒకే రోజు కలిసి రావు.

పక్కింటి పెద్దావిడకు ఎండతో పనే లేదు. దోసకాయలు, సోయకూర పూగుత్తులు, వెల్లుల్లి సీసాల్లో కూరి, కాగిన వినిగరు ఉప్పునీళ్లు పోసి, మూతలు బిగించి మరిగే నీళ్లలో ముంచుతుంది. సీసా చల్లారుతుంటే మూత టప్పున లోపలికి నొక్కుకుంటుంది. ఊరబెట్టే దోసకాయల పంటలో ఈ దేశానికి మిషిగనే మొదటిది. ఆ శుభ్రత, ఆ లెక్క చూస్తే నాకు నిజంగా గౌరవం. అయినా అది వినిగరు పులుపు. కాయ తన రసంలో తాను ఊరి, ఎండి, మళ్లీ ఆ రసాన్నే తాగితే వచ్చే రుచి దానికెలా వస్తుంది?

తెనాలిలో శివరాత్రి వెళ్లాక అమ్మ డాబా మీద పాత చీర పరిచేది. ముక్కలు చీర మీద, చింతపండు వేసిన రసం బేసిన్‌లో. మిట్టమధ్యాహ్నం డాబా కాలు మోపనిచ్చేది కాదు. కాకుల్ని తోలమని కర్రిచ్చి నన్ను మెట్ల నీడలో కూర్చోబెట్టేది. సగం ఎండిన ముక్క నోట్లో వేసుకుంటే ఉప్పు, పులుపు, వేడి ఒక్కసారే తగిలేవి. అమ్మ రోజులు లెక్కపెట్టేది కాదు, ఎండలు లెక్కపెట్టేది. టమాటాకు రెండెండలు. మిరపకాయలకు ఇంకాసిని.

ఇక్కడ ఎండలు లెక్కకు రావు. అవెన్‌లో అన్నిటికన్నా తక్కువ వేడి 170 డిగ్రీలు. పెట్టి చూశాను, ముక్క ఎండకముందే ఉడికింది. ఉడికిన వాసన పచ్చడిలో దాగదు. నిన్న పళ్లేలు తీసుకెళ్లి కారు అద్దాల వెనక పెట్టాను, కిటికీలు వేలెడు తెరిచి. సాయంత్రానికి ముక్క చేతికి అంటుకోలేదు. కారంతా ఊరిన పులుపు వాసన. తలుపేసుకుని కాసేపు అందులోనే కూర్చున్నాను.

రాత్రి అమ్మ ఫోను. "ఎన్ని ఎండలయ్యాయే?"

"ఒకటిన్నర. కారులో."

అటునుంచి కాసేపు మాటలేదు.

"రసం కూడా అందులోనే పెట్టావా?"