ఇసుక తిన్నెల వెనుక జమైకా

జమైకా గురించి మనకు తెలిసింది తక్కువ. క్రికెట్, బాబ్ మార్లే, ఉసేన్ బోల్ట్ అనే మూడు మాటలతో ఆ పరిచయం ముగుస్తుంది. ఆ తర్వాత మిగిలేది పర్యాటక సంస్థల ప్రకటనల్లోని నీలి సముద్రం, తెల్లటి ఇసుక. మాంటెగో బే సమీపంలోని ఒక రిసార్టులో దిగినప్పుడు మొదట నాకు కనిపించిందీ అదే. చేతికి ఒక ప్లాస్టిక్ పట్టీ తొడిగారు. అది ఉన్నవారికి భోజనం, పానీయాలు, సముద్రస్నానం అన్నీ ముందే చెల్లించిన సొమ్ములో భాగమే. తీరం వెంట కొంత దూరం నడిస్తే కంచె, దాని పక్కన కాపలాదారు. అవతల స్థానిక పిల్లలు ఈత కొడుతున్నారు. వారు ఇవతలికి రాకూడదు. సముద్రతీరానికి కంచె వేసే అధికారం ఎవరికి, ఎలా వచ్చింది? రాజకీయాలు రాసుకునే వాడికి ఇలాంటి ప్రశ్న ఒకసారి పుట్టాక విశ్రాంతి తీసుకోవడం సాధ్యం కాదు.

దానికి జవాబు ఒక చట్టంలో దొరుకుతుంది. 1956లో, బ్రిటిష్ వలస పాలన ఇంకా కొనసాగుతుండగానే జమైకాలో బీచ్ కంట్రోల్ చట్టం వచ్చింది. అలలు తాకే నేలపై హక్కు రాజ్యానిదేనని, దానిని వినియోగించుకోవాలంటే లైసెన్సు తీసుకోవాలని ఆ చట్టం చెప్పింది. తీరంలో తిరిగేందుకు, ఈదేందుకు పౌరులకు సాధారణ హక్కు ఉందని మాత్రం చెప్పలేదు. 1962లో దేశం స్వతంత్రమైంది కానీ చట్టం అలాగే ఉండిపోయింది. చుట్టూ సముద్రమే ఉన్న ఒక ద్వీపంలో, సముద్రాన్ని చేరే దారి కోసం ప్రజలు కోర్టుల మెట్లెక్కవలసి వస్తోంది.

ఆ తీరం ఎవరి చేతుల నుంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో తెలియాలంటే లోపలికి ప్రయాణించాలి. మాంటెగో బేకు తూర్పున ఫల్మత్ అనే పాత రేవు పట్టణం ఉంది. చెరకు తోటల యజమానుల సంపదతో పద్దెనిమిదో శతాబ్దం చివర వెలిసిన ఊరు అది. రాతి అరుగులు, చెక్క కిటికీల ఇళ్లు నేటికీ నిలిచి ఉన్నాయి. 2011లో అక్కడ భారీ విహార నౌకలకు రేవు కట్టారు. ఓడ దిగిన యాత్రికులలో చాలామంది ప్రహరీ లోపలి దుకాణాలు చూసి తిరిగి ఓడ ఎక్కుతారు. ఒకప్పుడు ఇదే రేవు నుంచి చక్కెర, రమ్ము ఐరోపాకు తరలిపోయాయి. వాటిని పండించినవారు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. ‘షుగర్’ అన్న ఇంగ్లీషు మాటకు మూలం మన ‘శర్కర’. ఆ తీపి వెనుక ఎంత రక్తం ఉందో ఫల్మత్ వీధుల్లో నడిచినప్పుడే నాకు స్పష్టంగా అర్థమైంది.

మాంటెగో బే నడిబొడ్డున ఉన్న కూడలికి శామ్ షార్ప్ పేరు పెట్టారు. షార్ప్ బానిస, బాప్టిస్టు బోధకుడు. 1831 క్రిస్మస్ తర్వాత కూలి ఇవ్వకపోతే పనిలోకి వెళ్లరాదన్నది ఆయన ఆలోచన. అంటే అది సమ్మె. తోటలు తగలబడటంతో అది తిరుగుబాటుగా మారింది. దాన్ని అణచివేశాక 300 మందికి పైగా బానిసలను ఉరితీశారు, కాల్చిచంపారు. 1832 మేలో షార్ప్‌ను కూడా ఉరితీశారు. మరుసటి ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టాన్ని ఆమోదించింది.

ఆ చట్టం కింద 2 కోట్ల పౌన్ల పరిహారం చెల్లించారు. అందుకున్నది బానిసలు కాదు, వారి యజమానులు. అందుకోసం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. అంటే బ్రిటన్‌లో స్థిరపడిన జమైకన్లు కూడా తమ పూర్వీకుల యజమానులకు ఇచ్చిన సొమ్ముకు పన్నులు కట్టారన్నమాట. బానిసత్వానికి, జమీందారీకి పోలిక లేదు. అయినా 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్లను రద్దు చేసినప్పుడు పరిహారం జమీందార్లకే దక్కిందని గుర్తు చేసుకుంటే, అధికారం నుంచి దిగేటప్పుడు కూడా పాలకవర్గాలు ఉత్త చేతులతో వెళ్లవని తెలుస్తుంది.

విముక్తులైనవారు తోటల్లో పనిచేయడానికి ఇష్టపడకపోవడంతో యజమానుల చూపు భారతదేశం వైపు మళ్లింది. 1845 నుంచి సుమారు 36 వేల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా జమైకా చేరారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లారు. తొలి ఏళ్లలో మద్రాసు నుంచీ కొన్ని ఓడలు వెళ్లాయి. వారి ఆనవాళ్లు ఇప్పుడు వంటింట్లోని మేక మాంసం కూరలో, ‘గాంజా’ అన్న మాటలో మిగిలాయి. మనం గంజాయి అనే ఆ మాట జమైకా ప్రపంచానికి ఇచ్చినదని చాలామంది భ్రమ.

దక్షిణానికి మళ్లితే కాక్‌పిట్ కంట్రీ. సున్నపురాయి కొండలు, వాటి మధ్య గిన్నెల్లాంటి లోతైన గుంటలు. కోడిపందేల బరిని పోలి ఉండటం వల్ల వలస పాలకులు ఆ పేరు పెట్టారంటారు. వాన నీరు రాతిలోకి ఇంకి, నేల కింద ప్రవహించి, అంచుల్లో మార్తా బ్రే వంటి నదులుగా బయటపడుతుంది. పారిపోయిన బానిసల సంతతి మరూన్లకు ఈ నేలే కోట అయింది. ఇక్కడ బ్రిటిష్ సైన్యం గెలవలేక 1739లో వారితో ఒప్పందానికి దిగింది. భూమిని, స్వేచ్ఛను గుర్తించింది. బదులుగా, ఇకపై పారిపోయి వచ్చే బానిసలను అప్పగించాలని షరతు పెట్టింది. పీడితులలో ఒక వర్గానికి మినహాయింపు ఇచ్చి మిగతావారిపై కాపలా పెట్టడం సామ్రాజ్యాల పాత విద్య. మనకూ అది కొత్త కాదు.

ఆకంపాంగ్ అనే మరూన్ల గ్రామంలో ఏటా జనవరి 6న ఆ ఒప్పందాన్ని స్మరిస్తారు. అక్కడ అందరూ ఆత్మీయంగా చూసే ‘కిండా’ చెట్టు మన మామిడి. మామిడి జమైకా చేరింది 1782లో. ఒప్పందం అంతకు నాలుగు దశాబ్దాల ముందటిది. సమాజపు జ్ఞాపకం తనకు నీడనిచ్చే చెట్టును తానే ఎంచుకుంటుంది.

ఈ కొండల కింద బాక్సైటు ఉంది. తవ్వకాలపై ఏళ్ల తరబడి వివాదం నడిచాక, 2017లో రక్షిత ప్రాంతం సరిహద్దులను ప్రభుత్వం ప్రకటించింది. ఆ గీత ఎక్కడ గీయాలన్న తగవు మాత్రం ఆగలేదు. విశాఖ మన్యం, నియమగిరి గురించి రాసిన వాడికి ఆ వాదన వింటుంటే పాత నోటు పుస్తకం తిరగేస్తున్నట్లే ఉంది.

పర్యాటకం లేకపోతే జమైకా బతకదని నన్ను తిప్పిన డ్రైవరే అన్నాడు. అతని చెల్లెలు ఒక హోటల్లో పడకలు సర్దుతుంది. కనుక బహిష్కరణ పరిష్కారం కాదు. సొమ్ము ఎవరికి చేరుతోంది, తీరం ఎవరికి మిగులుతోంది అన్నదే తేలవలసిన విషయం. మన ప్రభుత్వాలు కూడా తీరాన్ని పర్యాటకానికి అప్పగిస్తామన్నప్పుడల్లా పెట్టుబడి లెక్కలు చెబుతాయి. అక్కడి మత్స్యకారుడు రేపు తన పడవను ఎక్కడికి లాక్కోవాలో కూడా ఆ కాగితాల్లో రాయమని మనం ముందే అడగాలి.