బ్లేడు పక్కన పెట్టండి

ఎడింబరోలో ఒక బామ్మగారు ఉండేవారు. తెలిసినవాళ్ళంతా ఆవిడను 'గ్రానీ' అనే పిలిచేవారు. 1828లో స్కాట్లాండ్ తీరాన నార్త్ బెర్విక్ దగ్గర రాళ్ళ మధ్య కనిపిస్తే, సర్ జాన్ గ్రాహం డాల్యెల్ అనే ప్రకృతి పరిశోధకుడు ఇంటికి తెచ్చుకున్నాడు. 1851లో ఆయన కాలం చేశాడు. బామ్మగారు మాత్రం ఒకరి తరవాత ఒకరి సంరక్షణలో 1887 దాకా నిక్షేపంగా బతికారు. పోయినప్పుడు పత్రికలో వార్త కూడా వేశారు. నివాసం ఒక గాజు జాడీ. ఆవిడ మనిషి కాదు లెండి, ఒక చిన్న సీ అనిమోన్.

మన పుస్తకాల్లో సముద్రపు పువ్వు అంటారే, అదే. పువ్వు కాదు, జంతువు. కింద రాయిని పట్టుకునే పాదం, పైన నోరు, నోటి చుట్టూ కుట్టే టెంటకిల్స్. మెదడు లేదు, ఎముక లేదు. ఈ బామ్మ చాలా ఏళ్ళు పిల్లల ఊసే లేకుండా ఉండి, 1857లో ఒక్క రాత్రిలో రెండు వందలకు పైగా పిల్లల్ని కనింది. ఎవరూ ఆమెను కోయలేదు, మందు వేయలేదు. సముద్రపు నీళ్ళు తెప్పించి మార్చారు, కాస్త ఆల్చిప్ప మాంసం పెట్టారు, మిగతాదంతా ఆమెకే వదిలేశారు.

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టుకున్న మనవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగేది ఇదే: "ఏమండీ, అనిమోన్‌ను బ్లేడుతో కోస్తే రెండవుతుందట కదా? ఎక్కడ కోయాలి?" అవుతుంది, నిజమే. ఎక్కడ కోయాలో కూడా చెబుతాను. కానీ ముందు కాసేపు కూర్చోండి, కోయాల్సిన అవసరమే రాని సంగతులు కొన్ని ఉన్నాయి.

ఇంటి తొట్టికి సరిపోయే చిన్న అనిమోన్లలో ఎక్కువమంది తెచ్చుకునేది బబుల్ టిప్. టెంటకిల్ చివర చిన్న బుడగలా ఉబ్బుతుంది కాబట్టి ఆ పేరు. హిందూ మహాసముద్రం, పసిఫిక్ రెండింటిలోనూ ఉంటుంది. ఇందులో ఒక చిత్రం ఉంది. లోతు తక్కువ నీళ్ళలో ఇవి చిన్నచిన్నవిగా, గుంపులుగా ఉంటాయి. ఆ గుంపంతా ఒకే అనిమోన్ చీలి చీలి ఏర్పడిన సంతానం. లోతుకు పోతే ఒక్కటే, పెద్దదిగా, ఒంటరిగా కనిపిస్తుంది. రెండుచోట్లా పాదం మాత్రం రాతి సందులో లోపలికి దిగి ఉంటుంది, టెంటకిల్స్ మాత్రమే బయటికి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే తొట్టిలో సగం తలనొప్పులు ఉండవు. నున్నటి చదును రాయి మీద పెట్టి "ఎందుకు నిలబడట్లేదు?" అని అడిగితే అదేం చెబుతుంది? లోతైన సందున్న రాయి చూపించండి, పాదం దాచుకుంటుంది, ఊరికే కదలదు.

ఇక మ్యాక్సీ మినీ అని పిలిచే బుల్లి కార్పెట్ అనిమోన్. అరచేతిలో పట్టేంత ఉంటుంది. రంగులు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. పొట్టి టెంటకిల్స్, విపరీతమైన జిగురు. చిన్న చేప దానికి తగిలిందంటే వదలదు, తినేస్తుంది. మూడోది రాక్ ఫ్లవర్. ఫ్లోరిడా, కరీబియన్ వైపుది. దీనికి పాదం ఇసుకలో దాచి, కింద ఉన్న రాయినో గులకనో పట్టుకోవడం ఇష్టం. ఒకచోట కుదురుకుంటే ఊరికే తిరగదు. కొత్తవాళ్ళకు నేను తెచ్చుకోమని చెప్పేది దీన్నే.

అనిమోన్ తిరుగుతుందా అని అడక్కండి. తిరుగుతుంది. వెలుతురు చాలకపోయినా, ఎక్కువైనా, నీటి ప్రవాహం నచ్చకపోయినా రాత్రికి రాత్రి బయల్దేరుతుంది. ప్రమాదం అక్కడే. నీళ్ళను తోసే పంపు, అదే వేవ్ మేకర్, జాలీలోకి లాగేసుకుంటే తొట్టి నిండా ముక్కలు. ఆ ముక్కల్లోని విషంతో, కుళ్ళుతో తొట్టిలో మిగతావన్నీ కూడా పోయే ప్రమాదం ఉంది. అందుకని అనిమోన్ తేవాలనుకున్న రోజునే, అది రాకముందే, ప్రతి పంపు మూతికీ స్పాంజీ గాని, సన్నని జాలీ గాని కట్టాలి. ఇందులో మినహాయింపు లేదు.

నీళ్ళ సంగతి. సముద్రం కనుచూపు మేరలో లేని హైదరాబాదులో ఉప్పు కలిపి సముద్రాన్ని చేసుకోవాలి మరి. లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు; ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్లో 1.025 దగ్గర ఉండాలి. బోరు నీళ్ళు వద్దు, ఆర్.ఓ. పట్టిన నీళ్ళే. తొట్టిలో నీళ్ళు ఆవిరై తగ్గాయనుకోండి, కొందరు ఉప్పునీళ్ళే మళ్ళీ పోస్తారు. ఉప్పు ఆవిరి కాదు కదా, నీళ్ళే పోయాయి! మంచినీళ్ళే పోయాలి. లేకపోతే వారం వారం ఉప్పు పెరిగిపోతుంది. ఇక మన వేసవి. అనిమోన్‌కు 25, 26 డిగ్రీలైతే హాయి. మే నెలలో గది వేడి, లైట్ల వేడి, మోటార్ల వేడి కలిసి తొట్టి 31, 32కు పోతే, దాని ఒంట్లో కాపురముండే నాచు బయటికి పోతుంది. అనిమోన్ తెల్లబడుతుంది.

ఆ నాచు గురించి ఒక్క నిమిషం. పగడాల్లో ఉన్నట్టే వీటి కణాల్లోనూ కంటికి కనబడని నాచు ఉంటుంది. వెలుతురు తీసుకుని పిండిపదార్థం తయారుచేసి ఇంటి యజమానికి కూడా పెడుతుంది. కాబట్టి మనం వెలుతురు ఇస్తున్నామంటే తిండి పెడుతున్నట్టే. పాలిపోయి తెల్లగా మెరిసే అనిమోన్‌ను "భలే రంగు" అని కొనుక్కొచ్చేవాళ్ళను చూశాను. అది రంగు కాదండీ, ఆకలి. ఎడింబరో బామ్మ జాతికి ఈ నాచు లేదు, అందుకే జాడీలో మామూలు వెలుతురులో బతికింది. మన ఉష్ణమండలం వాటికి మంచి లైటు లేకుండా కుదరదు.

తిండి విషయంలో మన ప్రేమే దానికి శత్రువు. వారానికి ఒకటి రెండుసార్లు చిన్న రొయ్య ముక్క చాలు, అదీ నోటికంటే చిన్నది. పెద్ద ముక్క పెడితే మింగినట్టే మింగి, రాత్రికి కక్కేస్తుంది. దానికి నోరూ అదే, మలద్వారమూ అదే. అందుకే అప్పుడప్పుడు ముడుచుకుపోయి, నోరు తెరిచి, గోధుమ రంగు చీమిడి లాంటిది వదులుతుంది. అది చూసి "చచ్చిపోయింది" అని అర్ధరాత్రి ఫోన్లు వస్తుంటాయి. చావలేదు, ఇల్లు ఊడ్చుకుంటోంది. నిజంగా పోతే వాసనే చెబుతుంది, ఫోను అక్కర్లేదు. ఆ వాసన ఒకసారి చూసినవాడు జన్మలో మర్చిపోడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకటి రెండెలా అవుతుంది?

బబుల్ టిప్ తనంతట తాను చీలుతుంది. పాదం ఒక సగం ఇటు, ఒక సగం అటు జరగడం మొదలుపెడుతుంది. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటున్నట్టు మధ్యలో నోరు సాగి, సాగి, చివరికి తెగుతుంది. గంటల్లో అయిపోవచ్చు, రోజులు పట్టవచ్చు. తెగిన వైపు ముడుచుకుని మానుతుంది. రెండిటికీ సొంత నోళ్ళు వస్తాయి. బాగా తిన్నదీ చీలుతుంది, బాగా బెదిరినదీ చీలుతుంది. నీళ్ళు ఒక్కసారిగా ఎక్కువ మార్చినా చీలవచ్చు. కాబట్టి చీలింది కదా అని మురిసిపోయే ముందు తొట్టిలో ఏం మారిందో చూసుకోండి. మరో మాట: ఇలా వచ్చినవన్నీ ఒకే రంగు, ఒకే లింగం. తమలో తాము గుడ్లు, వీర్యం కలిపి పిల్లల్ని కనలేవు.

రాక్ ఫ్లవర్ మామూలుగా చీలదు. వాటిలో ఆడ, మగ వేరు. నాలుగైదింటిని పక్కపక్కన పెట్టి, బాగా తిండి పెట్టి ఊరుకుంటే, ఏదో ఒక ఉదయం గింజంత పిల్లలు ఇసుకలో కనిపిస్తాయి. తల్లి ఒక రంగు, పిల్లలు ఒక్కోటి ఒక్కో రంగు. అన్ని పద్ధతుల్లోనూ నాకు నచ్చేది ఇదే. దీన్ని కోసేవాళ్ళను మాత్రం క్షమించలేను.

బ్లేడు మాట ఇచ్చాను కదా. బబుల్ టిప్‌ను, మ్యాక్సీ మినీని కోసేవాళ్ళు పదునైన కొత్త బ్లేడుతో, నోటి మధ్యగా, పైనుంచి పాదం దాకా ఒక్క వేటుతో కోస్తారు. రెండు ముక్కలకూ నోటిలో వాటా రావాలి, పాదంలో వాటా రావాలి. తర్వాత ప్రవాహం బాగా ఉన్న శుభ్రమైన నీళ్ళలో, మలినాలు పీల్చే కార్బన్ పెట్టి, వారం పది రోజులు తిండి పెట్టకుండా వదిలేస్తారు. బలంగా ఉన్నదైతే మానుతుంది. నీరసంగా ఉన్నదైతే ఒకటి రెండవదు, ఒకటి సున్నా అవుతుంది. అమ్ముకునేవాళ్ళకు ఇది వృత్తి. వాళ్ళ దగ్గర వేరే తొట్టెలుంటాయి. ముచ్చటకు ఒక తొట్టి పెట్టుకున్న మనకు ఎందుకు ఆ తొందర? ఆరోగ్యంగా ఉంటే ఎలాగూ చీలుతుంది. చీలడం లేదంటే దానికి ఇంకా సుఖం అందలేదనో, ఇప్పుడున్న సుఖం చాలుననో అర్థం. ఆ రెండిట్లో దేనికీ బ్లేడు మందు కాదు.

విడిపోయినదాన్ని స్నేహితుడికి ఇవ్వాలంటే కూడా గోళ్ళతో పీకకండి. పాదం చిరిగితే అనిమోన్ బతకడం కష్టం. రాయి వెనక పాదం దగ్గర మంచు ముక్క పెడితే చల్లదనానికి తనే పట్టు వదులుతుంది. గాజు మీద ఉంటే పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా జరపవచ్చు. చేతికి గ్లౌజులు వేసుకోండి. వీటి కుట్టు చాలామందికి దురదతో పోతుంది కానీ, అందరికీ అంతే అనుకోవద్దు. 1902లో పారిస్‌లో పోర్టియర్, రిషే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అనిమోన్ విషాన్ని కుక్కలకు ఎక్కించారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఎక్కిస్తే నిమిషాల్లో కుప్పకూలి పోయింది. అనాఫిలాక్సిస్ అనే ప్రాణాంతక ఎలర్జీ లోకానికి తెలిసింది అలాగే. దానికి రిషేకు 1913లో నోబెల్ వచ్చింది.

కోరుకున్నది చీలకపోవడం ఒక బాధ అయితే, వద్దన్నది చీలడం ఇంకో బాధ. ఐప్టేషియా అని ఒక గాజు రంగు అనిమోన్ ఉంది. రాయితోనో, పగడం ముక్కతోనో దొంగచాటుగా వస్తుంది. కదిలిన చోటల్లా పాదం తునక ఒకటి వదిలిపోతుంది. ప్రతి తునకా ఒక కొత్త ఐప్టేషియా. కోపం వచ్చి చాకుతో గీకారా, పంట వేసినట్టే. చిక్కగా కలిపిన సున్నం ముద్దను, అంటే కాల్షియం హైడ్రాక్సైడును, సిరంజితో దాని నోట్లో పెట్టడం ఒక పద్ధతి. పెప్పర్‌మింట్ రొయ్యను వదలడం ఇంకోటి. అయితే చూడడానికి దాదాపు అలాగే ఉండే క్యామెల్ రొయ్యను అంటగట్టేవాళ్ళున్నారు, అది పగడాలను పీక్కు తింటుంది. ఖర్చుకు వెనకాడనివాళ్ళు బెర్గియా అనే గుల్ల లేని బుల్లి సముద్రపు నత్తను తెస్తారు. దానికి ఐప్టేషియా తప్ప వేరే తిండి అక్కర్లేదు. మనల్ని ఇంత ఏడిపించే ఈ ఐప్టేషియాయే ప్రయోగశాలల్లో పెద్ద మనిషి: పగడాలు, నాచు ఎలా కలిసుంటాయో, వేడికి ఎందుకు విడిపోతాయో దీని మీదే పరీక్షిస్తారు. 2015లో దీని జన్యుపటం కూడా అచ్చయింది. తేలిగ్గా బతికి, తేలిగ్గా పెరగడమే అక్కడ దాని అర్హత.

చివరగా సినిమా చేప నీమో మాట ఎత్తకపోతే పిల్లలు ఒప్పుకోరు. నీమో జాతి క్లౌన్ చేప సముద్రంలో బబుల్ టిప్‌లో కాపురం పెట్టదు. దాని ఇళ్ళు వేరే పెద్ద అనిమోన్లు. తొట్టిలో సర్దుకుంటే సర్దుకుంటుంది, లేకపోతే పంపు మూల పడుకుంటుంది. అనిమోన్ లేకపోయినా క్లౌన్ చేప బతుకుతుంది, గుడ్లూ పెడుతుంది. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు క్లౌన్ చేపలను హేచరీలో పెంచే పద్ధతిని ఎప్పుడో సాధించారు. కాబట్టి చేప కోసం అనిమోన్‌ను బలిపెట్టక్కర్లేదు.

బలి అన్నది పెద్ద మాట కాదు. సముద్రంలో దశాబ్దాలు బతికే ప్రాణి, కొత్త తొట్టిలో నెలలకే పోతుంటుంది. ఫిలిప్పీన్స్‌లో అక్వేరియం వ్యాపారం కోసం వీటిని ఏరే చోట్ల అనిమోన్లూ, వాటిలో ఉండే చేపలూ రెండూ తగ్గాయని 2005లో అచ్చయిన ఒక అధ్యయనం చెప్పింది. మన విశాఖలో ఋషికొండ వైపు ఆటు వేళ రాళ్ళ గుంటల్లోనూ అనిమోన్లు కనిపిస్తాయి. వాటిని చూడండి, ఫొటో తీసుకోండి, తొట్టికి తేవద్దు. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది నడిచిన తొట్టి ఉంటేనే అనిమోన్ ఆలోచన పెట్టుకోండి. అప్పుడు కూడా దుకాణంలో ధర కంటే ముందు, ఇది ఎవరి తొట్టిలో చీలింది అని అడగండి. జవాబు చెప్పలేకపోతే కొనకండి. మీ ఊళ్ళోనే ఎవరి ఇంట్లోనో ఒకటి రెండై, చోటు చాలక, తీసుకెళ్ళేవాళ్ళ కోసం చూస్తూ ఉంటుంది.