పాత ఆంపియర్లు

అబ్బాజాన్ ఉమ్రంతా మోటార్ల వైండింగే చేశారు. నేమ్‌ప్లేటు మీద ఆంపియర్లు చూసి స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే సెట్ చేసేవారు. ఆ అంకె మీద ఆయనకంత యకీన్. ఇప్పుడు ఆ లేబుళ్లు ప్రింటు చేయడమే నా రోజీ.

చేత్తో టైపు చేస్తే గల్తీలొస్తున్నాయని లేబుల్ సాఫ్ట్‌వేర్‌లో వీబీస్క్రిప్ట్ రాశాను. ఆర్డర్‌లోని మోడల్ నంబర్లు వరసగా తీసుకుని, ఎక్సెల్ షీట్ లోంచి వోల్టులు, ఆంపియర్లు తెస్తుంది. మధ్యలో ఆగకూడదని 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' అని ఒక లైను పెట్టాను. నా బేవకూఫీ అదే.

ఒకరోజు త్రీఫేజ్ 5 హెచ్‌పీ మోటార్లకు 11 ఆంపియర్లని పడింది. ఉండాల్సింది సుమారు ఏడున్నర. ఆ కొత్త మోడల్ షీట్‌లో ఎక్కించలేదు. వెతికితే ఎర్రరొచ్చింది. స్క్రిప్ట్ మాత్రం ఖామోష్‌గా ముందుకెళ్లి, అంతకుముందు తెచ్చిన 7.5 హెచ్‌పీ విలువనే అచ్చేసింది.

లారీ ఎక్కకముందే దొరికాయి, అల్లా కా షుకర్. ఏ రైతు బోరు దగ్గరో మెకానిక్ రిలే 11కి తిప్పి ఉంటే, వైండింగ్ కాలుతున్నా అది ట్రిప్ కాదు.

ఇప్పుడు ప్రతిసారీ వెతికే ముందు పాత విలువ సాఫ్ చేస్తాను. ఏమీ దొరక్కపోతే ప్రింటు ఆగిపోతుంది. సూపర్‌వైజర్‌కు గుస్సా. ఇంట్లో చెబితే అబ్బాజాన్, "ఆగనీ బేటా" అని చాయ్ కప్పు అందుకున్నారు.