న్యాయమైన కొలత అడగడం తప్పా?



విశ్వాసి తనకు రావలసిన డబ్బు కోసం ఒక కంపెనీతో వాదించవచ్చా? లేక "పోయిందేదో పోయింది, ప్రభువే చూసుకుంటాడు" అని ఊరుకోవాలా? గత తొమ్మిది నెలల్లో ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. కొందరు ప్రేమతో అడిగారు, కొందరు కొంచెం అనుమానంతో అడిగారు. విషయం ఇప్పుడు ముగిసింది కాబట్టి అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను. మీలో బండి ఉన్న ప్రతి ఇంటికీ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

2024 నవంబరులో మా మోటారు సైకిల్ పోయిన సంగతి మీకు తెలుసు. పట్నంలో ఆసుపత్రిలో ఉన్న ఒక సహోదరుణ్ణి చూడటానికి వెళ్ళి, బండికి హ్యాండిల్ లాక్ వేసి లోపలికి నడిచాను. ప్రార్థన ముగించుకుని అరగంటలో బయటికి వచ్చేసరికి బండి లేదు. ఆ సాయంత్రమే పోలీసు స్టేషనులో ఎఫ్‌ఐఆర్ అయింది. అక్కడి నుండే బీమా కంపెనీకి ఫోను చేసి చెప్పాను. బండి ఆచూకీ దొరకలేదని 2025 ఫిబ్రవరిలో పోలీసుల తుది నివేదిక వచ్చింది. ఆర్‌సీ, పాలసీ కాగితం, రెండు తాళాలు, సంతకాలు పెట్టిన ఆర్టీవో ఫారాలు, అడిగినవన్నీ కంపెనీకి ఇచ్చాను.

మార్చిలో ఉత్తరం వచ్చింది. బజారులో ఇలాంటి పాత బండి ధర 33,000 రూపాయలే కాబట్టి అంతే ఇస్తామని రాశారు. దాంతోపాటు ఒక రసీదు కాగితం పంపారు. "పూర్తి పరిష్కారంగా తీసుకుంటున్నాను, ఇక నాకు ఏ హక్కూ లేదు" అన్నట్టు దాని మీద నేను సంతకం పెట్టాలట.

ఆ రాత్రి పాలసీ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పేజీలోనే ఐడీవీ అని ఒక గడి ఉంటుంది. బీమా చేసేటప్పుడు కంపెనీ, మనం ఒప్పుకున్న బండి విలువ అది. నా పాలసీలో ఆ గడిలో 48,000 అని ఉంది. ఆ లెక్క ఎలా వచ్చిందో షరతుల్లో పట్టిక కూడా ఉంది. పాలసీ మొదలయ్యే రోజున ఆ మోడల్‌కు తయారీదారు ప్రకటించిన అమ్మకపు ధర తీసుకుంటారు. బండి వయసు ఏడాది దాటి రెండేళ్ళలోపు ఉంటే 20 శాతం, రెండు దాటి మూడులోపు 30 శాతం, మూడు దాటి నాలుగులోపు 40 శాతం తరుగు తీస్తారు. మా బండి 2021 ఆగస్టులో కొన్నది. 2024 ఆగస్టులో పాలసీ మళ్ళీ కట్టేటప్పటికి మూడేళ్ళు నిండాయి. అప్పటి ధర 80,000. అందులో 40 శాతం తీస్తే 48,000. అంటే బండి పాతదైనందుకు తీయవలసిన తరుగు ముందే తీసేశారు. బండి దొంగతనానికి పోతే ఆ పాలసీ కాలమంతా ఆ ఐడీవీనే మార్కెట్ విలువగా లెక్కించాలి, దానిమీద మళ్ళీ తరుగు తీయకూడదు అని కూడా ఆ షరతుల్లోనే రాసి ఉంది.

మన వాళ్ళకు ఈ లెక్క కాటా దగ్గర బాగా అర్థమవుతుంది. మిర్చి కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఇంకో రాయి వాడే వ్యాపారిని మనం ఏమంటాం? ఒకే సంచిలో చిన్న రాయి, పెద్ద రాయి రెండూ పెట్టుకోకూడదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో మోషే ధర్మశాస్త్రము ఖండితంగా చెప్పింది. 48,000 మీద ప్రీమియం తీసుకుని 33,000 మీద లెక్క తేల్చడం అంటే ఆ రెండు రాళ్ళ వ్యాపారమే. కాగితం ఇంగ్లీషులో ఉన్నంత మాత్రాన కొలత మారదు.

మా సంఘ పెద్ద ఒకరు, నాకు అన్నలాంటివారు, మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక పక్కకు పిలిచారు. "అయ్యగారూ, కోర్టు గుమ్మాలు ఎక్కితే బయటివాళ్ళు ఏమనుకుంటారు? పౌలు కొరింథీయులకు వద్దనే కదా రాశాడు" అన్నారు. ఆయన మాటలో నా మీద ప్రేమ ఉంది. అందుకే తొందరపడి జవాబు చెప్పలేదు. రెండు రోజులు ఆలోచించి ఆయన ఇంటికే వెళ్ళి కూర్చుని మాట్లాడాను.

"అన్నా, కొరింథులో సహోదరుడు సహోదరుణ్ణి అవిశ్వాసుల ముందుకు ఈడ్చుకుపోతున్నాడు. అక్కడ పౌలు దుఃఖం సంఘం చీలిపోతోందని. ఇక్కడ నేను ఏ సహోదరుని మీదికీ వెళ్ళడం లేదు. ఒక కంపెనీ తాను రాసిన మాట మీద తాను నిలబడాలని అడుగుతున్నాను. ఆ పౌలే ఫిలిప్పీలో ఏం చేశాడో చూడండి. విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేశారు. తెల్లవారి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపొమ్మన్నారు. ఆయన వెళ్ళలేదు. న్యాయాధిపతులే వచ్చి తమను బయటికి తీసుకుపోవాలన్నాడు. పగ తీర్చుకోలేదు, నష్టపరిహారం కోరలేదు. చట్టంలో తనకున్నది మాత్రం వదులుకోలేదు."

ఆయన కాసేపు ఊరుకుని, "మరి క్షమాపణ సంగతో?" అన్నారు.

అది అసలైన ప్రశ్న. బండి తీసుకుపోయిన మనిషి కోసం మా ఇంట్లో కుటుంబ ప్రార్థనలో ఎన్నోసార్లు ప్రార్థించాం. అతని మీద నాకు కోపం లేదు. కాని ఈ 15,000 రూపాయల తేడా నేను క్షమించి వదిలేయగలిగిన సొమ్మా? ఆ బండి ఎలా వచ్చిందో ఆ పెద్దకు నాకంటే బాగా తెలుసు. నాలుగు ఊళ్ళ అక్కచెల్లెళ్ళు రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేశారు. ఆదివారం కొంగున మూట కట్టుకుని తెచ్చారు. ఆ పిడికెడు బియ్యం అమ్మిన డబ్బు, కోతల కూలిలో అన్నదమ్ములు ఇచ్చిన డబ్బు కలిస్తే రెండున్నర ఏళ్ళకు ఒక బండి అయింది. ఆర్‌సీలో పేరు నాది, బియ్యం వాళ్ళది. నా చెంప మీద కొడితే రెండో చెంప చూపడం నా చేతిలో ఉంది. ఒక విధవరాలి డబ్బాలోంచి పిడికెడు పిడికెడు తీసి "పోనీలెండి, ఉంచుకోండి" అని కంపెనీకి ఇచ్చేయడానికి నాకు అధికారం ఎవరిచ్చారు? మనది మనం వదులుకుంటే అది త్యాగం. ఇతరులది వదులుకుని దానికి త్యాగమని పేరు పెట్టుకోకూడదు.

పెద్దాయన లేచి లోపలికి వెళ్ళి తన బండి పాలసీ తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇందులో ఆ గడి ఎక్కడుందో చూపించండి అయ్యగారూ" అన్నారు.

నేను రసీదు మీద సంతకం పెట్టలేదు. కంపెనీ నుండి ఒక అమ్మాయి ఫోను చేసి, "అందరూ సంతకం పెట్టేస్తున్నారు సార్" అంది. ఆమె మీద కోపగించుకోలేదు. జీతానికి పనిచేసే బిడ్డ. కాని ఆ "అందరూ" అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ అందరూ ఎవరు? బండి మీద కూరగాయలు అమ్ముకునేవాడు, తెల్లవారకముందే పాలు పోసి వచ్చేవాడు, పనికి ఇరవై కిలోమీటర్లు పోయే మేస్త్రీ. రేపటికి బండి లేకపోతే వాళ్ళకు కూలి లేదు. అందుకే ఎంత ఇస్తే అంత పుచ్చుకుంటారు. నాకైతే సంఘం ఉంది. ఆ తొమ్మిది నెలలు ఒకరి సైకిలు మీద, ఒకరి బండి వెనక కూర్చుని, కొన్ని రాత్రులు నడిచి ప్రార్థన కూటాలకు వెళ్ళాను. ఆగగలిగే వీలున్నవాడు ఆగకపోతే ఇక ఎవరు ఆగుతారు?

తెలిసినవాడు ఒకడు ఇంకో సలహా ఇచ్చాడు. బండి పెట్టెలో సంఘం సొమ్ము పదివేలు ఉందని కూడా రాయమన్నాడు. లేనిది రాయడం అబద్ధం. పైగా పాలసీ బండికే గాని అందులోని వస్తువులకు కాదు. నేను అడిగింది 48,000 కూడా కాదు, 47,900. ద్విచక్ర వాహనానికి ప్రతి క్లెయిములో 100 రూపాయలు మనమే భరించాలని పాలసీలో ఉంది. ఆ నూరు వాళ్ళది. సరైన రాయి అడిగేవాడు తన వైపు పళ్ళెంలోనూ అదే రాయి పెట్టాలి కదా.

ఇక దారి చెబుతాను, మీకు అవసరపడవచ్చు. ముందుగా కంపెనీలోనే ఫిర్యాదులు చూసే అధికారికి రాతపూర్వకంగా రాయాలి. పాలసీ పేజీ, షరతుల పేజీ జతచేయాలి. నెల గడిచినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే, బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కరలేదు. కంపెనీ కాదన్న తేదీ నుండి ఏడాదిలోపు వెళ్ళాలి. అక్కడి తీర్పు కంపెనీ పాటించి తీరాలి. మనకు తృప్తి కలగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది. దానికి రెండేళ్ళ గడువు ఉంది. తొందరలో రసీదు మీద సంతకం పెట్టేసినవారు కూడా పూర్తిగా నిరాశపడనక్కరలేదు. మోసంతోనో ఒత్తిడితోనో ఆ సంతకం తీసుకున్నారని చూపగలిగితే, కేవలం రసీదును బట్టి వినియోగదారుని హక్కు పోదని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. పోలీసులకు వెంటనే చెప్పినప్పుడు, కంపెనీకి చెప్పడంలో ఆలస్యమైందన్న ఒక్క కారణంతో దొంగతనం క్లెయిమును తోసిపుచ్చకూడదని 2020లో తీర్పు ఇచ్చింది.

నా విషయంలో కంపెనీ మొదటి మాటే మళ్ళీ రాసింది. మే నెలలో అంబుడ్స్‌మన్‌కు రాశాను. విచారణ వీడియో కాల్‌లో జరిగింది. మందిరం అరుగు మీద ఫోను పెట్టుకుని కూర్చున్నాను. కంపెనీ తరఫు ఆయన బజారు ధరల గురించి చెప్పుకొచ్చారు. అంతా విని అక్కడి అధికారి ఒక్క ప్రశ్న అడిగారు. "ప్రీమియం ఏ విలువ మీద తీసుకున్నారు?" దానికి అటువైపు నుండి జవాబు రాలేదు. కంపెనీ పూర్తి మొత్తానికి ఒప్పుకుంది. ఆగస్టులో 47,900 రూపాయలు జమ అయ్యాయి. ఆ ఆదివారం సంఘం ముందు లెక్క చదివి వినిపించాం.

లూకా 18లోని విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరకు పదే పదే వెళ్ళింది. ఆమె భిక్ష అడగలేదు, న్యాయం అడిగింది. విసుగక ప్రార్థించడానికి ప్రభువు ఆమెను మాదిరిగా చూపాడు. ప్రార్థించే నోరు న్యాయం దగ్గర మూగబోవాలని ఆయన ఎక్కడా చెప్పలేదు.

చివరిగా ఒక మనవి. కొత్త బండితో ఐదేళ్ళ బీమా వచ్చిందని చాలామంది ధైర్యంగా ఉన్నారు. ఆ ఐదేళ్ళది ఎదుటివారికి జరిగే నష్టానికి. మీ బండి దొంగలపాలైతే దానివల్ల రూపాయి రాదు. సొంత నష్టానికి చేసే బీమా చాలావరకు ఏటేటా కట్టుకోవలసిందే. ఈ వారం మీ పాలసీ తీసి ఆ రెండూ ఉన్నాయో లేదో, ఐడీవీ గడిలో ఎంతుందో చూడండి. అర్థం కాకపోతే ఆదివారం ఆరాధన తరువాత కాగితం తెచ్చుకోండి, కలిసి చదువుదాం.

న్యాయమును ప్రేమించు దేవుడు మీ ఇంటిని, మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.