రెండు పాత హెడ్‌ఫోన్లు



మేమంటే నేనూ, మా ఆవిడా. కోడంబాక్కంలోనే పుట్టి పెరిగాం, ఇద్దరివీ తమిళ మీడియం చదువులే. నేను రైల్వే గుమాస్తాగా రిటైరయ్యాకే తెలుగు అక్షరాలు దిద్దాం.

మా ఇంట్లో రెండు పాత హెడ్‌ఫోన్లున్నాయి. ఒకటి కాస్ ప్రో ఫోర్ డబుల్ ఏ, 1970 నాటి మోడల్. బరువెక్కువ, చెవుల్ని గట్టిగా మూసేస్తుంది. తబలా, బేస్ ఘనంగా మోగుతాయి. రెండోది సెన్‌హైజర్ హెచ్‌డి 414, 1968లో వచ్చింది. పసుపు స్పాంజి, తేలిక. వెనకవైపు తెరిచి ఉంటుంది కనుక శబ్దం లోపలే గుమ్మనదు, బేస్ మాత్రం తక్కువ. 2000 ఓమ్స్ కాబట్టి సెల్‌ఫోన్‌కు పెడితే సన్నగా వినిపిస్తుంది. మా పాత ఆంప్లిఫయర్‌కే తగిలిస్తాం.

పోయిన వారం రెండింటిలోనూ ‘మాయాబజార్’ (1957) పడవ పాట విన్నాం. మన పక్క వడపళని విజయా వాళ్ల సినిమాయే కదా! మోనో రికార్డింగు, గొంతులు సరిగ్గా తల మధ్యలో పలుకుతాయి. కాస్‌లో తాళం బాగుంది. సెన్‌హైజర్‌లో ఘంటసాల గారి ఒత్తులు, మలయాళీ అయిన లీల గారి ఒత్తులు కూడా, విడివిడిగా వినబడ్డాయి.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. చిన్నప్పుడు ఆయన పేరునే ‘కండసాల’ అని చదివాం. మా పిల్లలు ఇప్పటికీ అలాగే అంటారు. తప్పు వాళ్లది కాదు, మాది.

వయసు మీదపడితే చెవికి ముందు మసకబారేది ఇలాంటి సన్న శబ్దాలే. అందుకే, మాకు వినబడుతుండగానే, మనవరాలికి పసుపు స్పాంజిదే పెడుతున్నాం. మీ పిల్లల్నీ తీసుకురండి, కాఫీ మాది.

రాతలో తప్పులుంటే దిద్దండి.